గుబురయ్య రసికుడైన విధం

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు ఎండలు ముదిరి వాగులన్నీ ఇంకిపోయాయి. నీళ్ళు మిగిలింది కొండకింది మడుగులోనే. సరిగ్గా ఆ ఒడ్డునే సింహంగారు కళాపరిషత్తు స్థాపించారు. సభ్యులకు తప్ప ఇంకెవరికీ అక్కడ చోటు లేదన్నారు.

సభ్యత్వానికి కోరల పొడవు, కొమ్ముల బలం చూడరట. ఏ కళలంటే ఇష్టమో రాసి, దాన్నిబట్టి తమను తాము పరిచయం చేసుకుంటే చాలట. ఎంత పెద్ద మనసో అని అడవంతా మెచ్చుకుంది.

గుబురయ్య అనే ఎలుగుబంటి మోదుగాకు మీద గోటితో రాశాడు: "వాన పడేటప్పుడు కప్పల పాట ఇష్టం. వింటూ నిద్రపోతాను." ఉన్నమాటే రాశావు, ఇచ్చిరా అంది భార్య.

పరిషత్తు కార్యదర్శి నక్క ఆ ఆకు చదివి గుబురయ్యను జాలిగా చూసింది. కప్పల పాట అందరికీ అర్థమవుతుందని, అందరికీ అర్థమయ్యేదాన్ని ఇష్టపడితే దాన్ని అభిరుచి అనరని, అలవాటంటారని నచ్చజెప్పింది.

"మరేం రాయమంటారు?" అన్నాడు గుబురయ్య.

నక్క అటూ ఇటూ చూసింది. దూరంగా ఎండలో ఒక ముసలి తాబేలు వెళ్తోంది.

"తాబేలు నాట్యం అని రాయండి. ఆ మందగతి అర్థం కావాలంటే మూడు తరాల సంస్కారం ఉండాలి."

సలహాకి ఒక తేనెపట్టు పుచ్చుకుంది. గుబురయ్య ఇంకో ఆకు కోసుకుని, తాబేలు నాట్యం చూడనిదే తనకు తిండి సయించదని రాసిచ్చాడు.

నక్క అందరికీ ఇదే సలహా ఇచ్చింది కాబట్టి, వచ్చిన నలభై ఆకుల్లోనూ తాబేలే ఉంది. ఇంతమంది రసికులను చూసి సింహంగారు పొంగిపోయారు. ప్రారంభోత్సవానికి తాబేలు నాట్యమే పెట్టించారు. ప్రదర్శన ముగిసేదాకా ఎవరూ లేవకూడదన్నారు. తాము మాత్రం కడుపునిండా నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నారు.

తాబేలును వెతికే పని పడలేదు. పొద్దున్నే మడుగు దారిలో కనిపించింది. సభ్యులు మడుగుకి వీపు పెట్టి, తాబేలుకు ఎదురుగా కూర్చున్నారు.

నడినెత్తికి పొద్దొచ్చేసరికి తాబేలు పాతిక అడుగులు వేసింది. గుబురయ్య నాలుక అంగిటికి అతుక్కుపోయింది. లేచి పోదామంటే పక్కన దుప్పి కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. గుబురయ్య కూడా ఊపాడు.

పొద్దు వాలేవేళకి తాబేలు ముందువరస దగ్గరికొచ్చి ఆగింది.

"కాస్త దారి ఇవ్వండి బాబూ. నేను నాట్యం చెయ్యడం లేదు. పొద్దున్నించీ మడుగుకి నడుస్తున్నాను. దాహంగా ఉంది."

గుబురయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట ఎవరో ఒకరు అనేశారు కదా, ఇక తానూ లేవచ్చనుకుని నేలకు చెయ్యి ఆన్చి సగం లేచాడు.

"ఎంత సహజమైన అభినయం" అంటూ నక్క కళ్ళు తుడుచుకుంది.

సింహంగారు తల పంకించారు. సగం లేచిన గుబురయ్య నిలబడి గౌరవిస్తున్నాడనుకుని సభంతా లేచి చప్పట్లు కొట్టింది. అందరూ తనవైపే చూస్తున్నారు. గుబురయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు.

సింహంగారు కరిగిపోయి, మొదటి అడుగు నుంచి మళ్ళీ చూపించమన్నారు. రెండు తోడేళ్ళు తాబేలును ఎంతో మర్యాదగా ఎత్తుకెళ్ళి, పొద్దున బయల్దేరిన చోటే దించి వచ్చాయి. గుబురయ్య మడుగుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

నీతి: మీ అభిరుచులేమిటని ఎవరైనా అడిగితే, ముందు కడుపునిండా నీళ్ళు తాగి అప్పుడు జవాబు చెప్పండి.