తగినంత ఆలస్యం

జనన ధ్రువపత్రాల కార్యాలయానికి కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజున పాలనలో నూతన శకం ఆరంభమైనట్టు డైరెక్టరుగారు సభాముఖంగా ప్రకటించారు. ఏసీలు వచ్చినప్పుడు ఒకటి, కుర్చీలకు చక్రాలు వచ్చినప్పుడు ఒకటి ఆరంభమైన శకాలు ఇంకా నడుస్తూనే ఉన్నా, మరొకటి ఆరంభించడానికి నిబంధనలు అడ్డురాలేదు.

"వీటిలో ఉన్నది మామూలు ప్రాసెసర్ కాదు. సరికొత్త నిర్మాణం! తక్కువ కరెంటు తాగి ఎక్కువ పని చేస్తుంది. సిబ్బంది దీన్ని ఆదర్శంగా తీసుకోవాలి" అన్నారాయన. సిబ్బంది చప్పట్లు కొట్టి టీ తాగడానికి వెళ్లారు.

డేటాబేస్ చూసుకునే అమ్మాయి మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆఫీసంతా ఆమెను డేటాబేసమ్మ అనేది. ఎవరో పాప పేరు వెతకమని మీట నొక్కింది. తెరమీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పాత కంప్యూటరే నయమనిపించేలా తిరిగింది.

కారణం ఆమెకు తెలుసు. డేటాబేస్ ప్రోగ్రాం పాతరకం ప్రాసెసర్ కోసం తయారైంది. కొత్తదానికి ఆ భాష రాదు. అందుకని మధ్యలో దుబాసీలా ఇంకో ప్రోగ్రాం కూర్చుని, అది అన్న ప్రతి మాటనూ దీనికి తర్జుమా చేసి చెబుతోంది. పందెపు గుర్రాన్ని కొని, దారి చూపడానికి దాని ముందు తాతగారిని నడిపిస్తున్నట్టుంది వ్యవహారం.

ఈ సంగతి పెద్ద గుమాస్తాకు చెప్పింది. ఆఫీసు పుట్టినప్పటి నుంచీ ఉన్నాడు గనుక ఆయన అందరికీ బాబాయే.

"తిరగనీ అమ్మా. చక్రం తిరుగుతోందంటే పని జరుగుతున్నట్టేగా!"

"పని జరగట్లేదు బాబాయ్, తర్జుమా జరుగుతోంది."

"మన ఆఫీసులో ఆ రెంటికీ తేడా ఎప్పుడుందే?"

ఆమె పట్టు విడవలేదు. కొత్త ప్రాసెసర్ కోసమే తయారుచేసిన డేటాబేస్ ప్రోగ్రాం సంపాదించింది. ఉన్న వివరాలన్నిటికీ నకలు తీసి భద్రపరిచి, కొత్తది ఎక్కించి, పాత జవాబులూ కొత్త జవాబులూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంది. అక్షరం తేడా లేదు. దుబాసీకి సెలవిచ్చేసింది. ఆ మర్నాటి నుంచీ మీట మీంచి వేలు తీసేలోపే ధ్రువపత్రం బయటికి రాసాగింది.

దాంతో కార్యాలయం అతలాకుతలమైంది. మీట నొక్కి టీకి వెళ్లే ఆచారమున్న గుమాస్తాలు ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కుపోయారు. డైరెక్టరుగారు ఖాళీ హాలు చూసి "ఇవాళ సెలవా?" అని అడిగి, ప్రజలు కనిపించకపోవడంపై విచారణకు కమిటీ వేశారు. వచ్చిన ప్రజలైనా సంతోషించారా అంటే, అదీ లేదు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి "అసలుదేనాండీ?" అన్నారు. ఒక పెద్దావిడైతే, తనను పట్టుమని ఐదు నిమిషాలైనా కూర్చోనివ్వకుండా పంపేశారని అలిగింది. బయట మెట్ల మీద బ్రోకరు తన బోర్డు మార్చేశాడు: "ఇచ్చట ధ్రువపత్రములు నిదానముగా, నమ్మకముగా తెప్పించబడును."

డేటాబేసమ్మ ఇవన్నీ నవ్వుతూనే భరించింది. వెల్డింగ్ పనిచేసే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేదాకా.

"మేడం, పాపకి స్కూల్లో సీటు ఇవ్వలేమన్నారు."

"ఏమైంది?"

"అప్లికేషన్ పెట్టిన టైమూ, సర్టిఫికెట్ ఇచ్చిన టైమూ ఒకటే ఉందంట. ఏ ఆఫీసులోనైనా ఇలా జరుగుతుందా, ఇది దొంగదే అన్నారు ప్రిన్సిపాల్‌గారు. రేపటితో చేర్చుకోడాలు ఐపోతాయి. మీకు పుణ్యముంటుంది, కాస్త లేటుగా ఇంకోటి ఇప్పించండి."

పాప అప్పటికే స్కూలు బ్యాగు తగిలించుకుని ఉంది. డేటాబేసమ్మ వెంటనే ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసింది.

"అది నిజమైనదేనండీ. నేనే ఇచ్చాను."

"నిజమైనదైతే అంత తొందరెందుకమ్మా?" అన్నాడాయన.

డేటాబేసమ్మ ఫోన్ పెట్టేసింది. ప్రాసెసర్‌కూ డేటాబేస్‌కూ మధ్య దుబాసీని తీసేయగలిగింది గాని, ఈ ప్రిన్సిపాల్‌కు అర్థమయ్యే భాషలో చెప్పగల దుబాసీ ఎక్కడ దొరుకుతాడు? ఆ తండ్రిని మర్నాడు రమ్మని, మర్నాటి తేదీతో ఇంకో పత్రం ఇచ్చింది. పాపకు సీటు దొరికింది.

కమిటీ నివేదికా అదే మాట చెప్పింది. "మితిమీరిన వేగం కార్యాలయ గౌరవానికి భంగకరం. ఇకపై ప్రతి సేవకూ తగినంత ఆలస్యం జోడించవలెను." డేటాబేసమ్మ ఆ పాప ముఖం తలుచుకుని, వాదించడం మానేసి, నాలుగు వరుసల ప్రోగ్రాం రాసిచ్చింది. జవాబు ఎప్పటిలాగే రెప్పపాటులో వస్తుంది. వచ్చి, తిరిగే చక్రం వెనక చేతులు కట్టుకుని నిలబడుతుంది.

హాలు మళ్లీ కిటకిటలాడింది. "చూడండి, ఎంత శ్రద్ధగా వెతుకుతోందో!" అని జనం ముచ్చటపడ్డారు. డైరెక్టరుగారు ఆమెకు శాలువా కప్పి, "నిలకడ అంటే ఏమిటో కంప్యూటర్‌కు నేర్పిన ఘనత ఈమెది" అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బాబాయే.

ఆ వారమే ఆమెకు మెడ పట్టేసింది. వీధి చివర డాక్టరు మెడ అటూ ఇటూ తిప్పి చూసి, వెంటనే మందు రాసిచ్చాడు.

"ఇంతేనా? సరిగ్గా చూడనే లేదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి" అంది భర్తతో.

రెండో డాక్టరు పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అదే మందు రాశాడు.

"ఈయన హస్తవాసి మంచిదండీ" అంది డేటాబేసమ్మ మెట్లు దిగుతూ. అప్పటికే సగం నొప్పి తగ్గింది.