బావగారి బాతు

మా బావ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పెద్ద మెకానిక్కు. అంటే ఊళ్ళో జనాన్ని పైకి పంపే ఉద్యోగం. నాది పటాలు కట్టే కొట్టు. బావ పైకి పంపితే బావమరిది పటం కడతాడని స్నేహితులు మమ్మల్ని ఏళ్ళ తరబడి ఏడిపిస్తున్నారు. మా అక్క ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఊపిరి బిగపట్టమంటే మనుషులు బిగపడతారు, వదలమంటే వదులుతారు. ఆవిడ ఎదురుగా కూర్చుంటే మనలో ఏ ఎముక ఎక్కడుందో ఆవిడకి కనిపిస్తూనే ఉంటుంది. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా ఆ సంగతి మరిచిపోయాడు చూడండి, అక్కడే దెబ్బతిన్నాడు మా బావ.

అక్క కొంతకాలం కిందట వీగన్ అయింది. వీగన్లంటే శాకాహారుల కంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాళ్ళు. మాంసం, చేప, గుడ్డు సరేసరి. పాలు, పెరుగు, వెన్న, చివరికి తేనె కూడా ముట్టరు. తేనెటీగ కష్టార్జితం మనకెందుకంటారు. ఎందుకీ నిర్ణయమని అడిగితే అక్క ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. వద్దనిపించింది, మానేశాను అంది. అంతే.

నెలకోసారి కలిసి బయట భోంచేయడం మాకు అలవాటు. బావ, అక్క, ఒంటికాయ శొంఠికొమ్ములాంటి నేను, పక్కవీధి పళ్ళ డాక్టరు, ఆయన భార్య లెక్కల టీచరమ్మ. డాక్టరుని మేము పీకుడు డాక్టరంటాం. ఆయన ఎదురుగానే అంటాం. అక్క వీగన్ కాగానే మా భోజనాలకి నీళ్ళొదులుకోవాల్సిందే అనుకున్నాం. చైనా హోటళ్ళకి పోదామని అక్కే దారి చెప్పింది. వాళ్ళ వంటల్లో పాలు, వెన్న కనబడవట. సగం గొడవ అక్కడే తీరిపోతుందట.

మిగతా సగం గొడవ వడ్డించేవాళ్ళకి మిగిలింది. ఈ సాసు దేంతో చేశారు, ఆల్చిప్పలు వేశారా, ఈ సూపులో నీళ్ళు మామూలు నీళ్ళేనా లేక కోడి ఈదిన నీళ్ళా, అన్నంలో గుడ్డు దాక్కుందా అని అక్క నెమ్మదిగా, నవ్వుతూ అడిగేది. పాపం ఆ మనిషి వంటగదికీ బల్లకీ మధ్య తిరగలేక ఆయాసపడేవాడు. మేము మెనూ కార్డుల వెనక మొహాలు దాచుకునేవాళ్ళం. ఒక హోటల్లో అక్కకి ఉడకబెట్టిన క్యాబేజీ పెట్టారు. ఇంకోచోట ఉత్త అన్నం పెట్టి, పక్కన క్షమాపణ పెట్టారు. అక్క ఏదీ వంక పెట్టకుండా తినేసేది.

అలా తిరిగి తిరిగి, చెప్పుల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న హోటలుకి చేరాం. గుండ్రటి బల్లలు, వాటి మీద తిరిగే అద్దం. గిన్నె ఎవరికి కావాలంటే వాళ్ళు ఆ అద్దాన్ని తమ వైపు తిప్పుకోవచ్చు. యజమానురాలు నెరిసిన జుట్టు ముడేసుకుని, గల్లా దగ్గర వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంది. అక్క చెప్పిందంతా విని, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లేచి లోపలికి వెళ్ళింది.

తరవాత గిన్నెలు ఒక్కొక్కటే వచ్చాయి. నిగనిగలాడే వంకాయ ముక్కలు, చెంచా తగిలితే వణికే సోయా జున్ను, ముడతలు పడేదాకా వేయించిన చిక్కుళ్ళు, పొగలు కక్కే నూడుల్సు. పుట్టగొడుగుల సూపు ఒక్క గుక్క తాగేసరికి, వర్షం పడ్డ అడవిలోకి చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళినట్టనిపించింది. మేము తెప్పించుకున్న మాంసాలు చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు. పీకుడు డాక్టరు నోరు తెరిచాడు. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి, అలా తనంతట తాను తెరవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ రోజు అక్క పుట్టినరోజు. టీచరమ్మ శాలువా ఇచ్చింది. నేను పటం ఇచ్చాను. నేనింకేం ఇస్తాను. అందరూ బావ వైపు చూశారు. బావ ఆ రోజు పుట్టినరోజన్న సంగతే మరిచిపోయి వచ్చాడు. నోట్లో వంకాయ, చేతిలో ఏమీ లేదు. గొంతు సవరించుకుని, ఇవాళ్టి నుంచి నేను కూడా వీగన్‌నే, అదే నా కానుక అని ప్రకటించేశాడు.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. అక్క మాత్రం కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "నిజంగానా అండీ?" అని మెల్లగా అడిగింది. అక్క కన్నీళ్ళు మా ఇంట్లో ఎవరమూ చూసి ఎరగం. బావ కూడా బిత్తరపోయాడు. ఇక వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది.

ఇంట్లో బావకి పెద్ద ఇబ్బంది లేదు. అక్క వంట బాగుంటుంది. చిక్కల్లా నెలకోసారి ఆ హోటల్లోనే. ఎదురుగా పీకుడు డాక్టరు ఎర్రగా కాల్చిన బాతుని ఒక్కో ముక్కా లాగి తింటుంటే బావకి లోకం కనపడేది కాదు. మేమంతా బాతాఖానీ వేస్తుంటే ఆయనకి అందులో మొదటి రెండక్షరాలే వినపడేవి.

ఒకరోజు నేను కొట్లో చట్రం కర్రలు కోస్తుంటే బావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ హోటలు మెనూలో శాకాహార బాతు అని ఒకటుంది, మేము దాన్ని ఉత్తుత్తి బాతు అంటాం. సోయా పాల మీగడతో చేస్తారు. చూడటానికి అచ్చం బాతులాగే ఉంటుంది. తను బల్ల దగ్గర ఉత్తుత్తి బాతు అడగాలి, లోపలినుంచి నిజం బాతు రావాలి. అనుమానం రాకుండా ఎముకలు తీసేయాలి. అక్కకి కారం పడదు కాబట్టి ఎండుమిరపకాయలు దట్టంగా వేయాలి, అప్పుడు ఆవిడ ఆ ప్లేటు జోలికి రాదు. ఇదీ పథకం. యజమానురాలితో మాట్లాడటం కూడా అయిపోయిందట. ఆవిడ కాసేపు తన మొహంలోకి చూసి తలూపిందట.

"తప్పు కదా బావా" అన్నాను.

"ఒరేయ్ బామ్మర్దీ, మాట ఇచ్చేదీ నోరే, తినేదీ నోరే. ఆ రెండూ అవే తేల్చుకుంటాయి. మధ్యలో మనకెందుకు?" అన్నాడు.

ఆయన పక్కన కూర్చుని, ఎవరి చెయ్యైనా ఆ ప్లేటు మీదికొస్తే మాటల్లో పెట్టడం నా పని. కూలి కింద ప్లేటులో సగం నాది. ఇలాంటి ధర్మసంకటాల్లో నేను ఎప్పుడూ ధర్మం వదిలేసి సంకటం తినేస్తాను.

మొదటిసారి ఆ ప్లేటు వచ్చినప్పుడు బావ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. నేనూ ఒకటి తిన్నాను. పైన చర్మం కరకరలాడింది, కింద కొవ్వు వెన్నలా జారింది, ఆ వెనక ఎక్కడో సన్నటి పొగ వాసన. బాతులు తినడంలో నేను ఆరితేరినవాణ్ణి. సాక్షాత్తూ బాతే అని కళ్ళతోనే సర్టిఫికెట్ ఇచ్చేశాను.

ఇక అక్కణ్ణుంచి బావకి పట్టపగ్గాల్లేవు. నోట్లో ముక్క పెట్టుకుని అహింస గురించి మాట్లాడేవాడు. నాలుక మీద అదుపు లేనివాడు మనిషే కాదని డాక్టరుని దులిపేసేవాడు. డాక్టరు తన బాతుని రుమాలు చాటున పెట్టుకుని తినే స్థితికి వచ్చాడు. లిఫ్టుల కంపెనీలో కుర్రాళ్ళు బావని సలహాలు అడగడం మొదలుపెట్టారు. అక్క చెంప కింద చెయ్యి పెట్టుకుని మొగుడు చెప్పేదంతా శ్రద్ధగా వినేది. పిచ్చి అక్క అని నాకు జాలేసేది. జాలిపడుతూనే ఇంకో ముక్క తీసుకునేవాణ్ణి.

ఒక ఆదివారం సాయంత్రం టీచరమ్మ కూర్చుంటూనే ఒక కబురు చెప్పింది. తను కూడా అన్నీ మానేసిందట. ఇదంతా బావ చలవేనట. "మీ అంత భోజనప్రియులే మానగలిగారు, నేనెంత అనుకున్నాను అన్నయ్యగారూ" అంది. బావకి ముక్క గొంతులో అడ్డం పడింది. వీపు మీద నేనే తట్టాను.

అంతటితో ఊరుకోలేదావిడ. అన్నయ్యగారికి అంత బలం ఇచ్చిన ఆ ఉత్తుత్తి బాతు తను కూడా రుచి చూస్తానంది. కారమైనా పరవాలేదంది. దానికి అక్క, ఇన్నాళ్ళూ కారానికి జడిసి నేనూ చూడలేదు, ఇవాళ చూద్దాం అంటూ అద్దం మీద చెయ్యి వేసి తన వైపు తిప్పింది.

బావ ఇటునుంచి అద్దాన్ని పట్టుకున్నాడు. అక్క అటు తిప్పింది. బావ ఇటు తిప్పాడు. నేను మాటల్లో పెట్టబోయి, వాతావరణం గురించి ఏదో అన్నాను, ఎవరూ వినలేదు. ఉయ్యాల ఊగినట్టు ఊగి ఊగి సోయా సాసు సీసా పడింది, టీ కూజా దాని మీద పడింది, నూడుల్సు గిన్నె జారుకుంటూ పోయి పీకుడు డాక్టరు ఒళ్ళో కూర్చుంది. ఇంత గందరగోళంలోనూ అక్క తినే పుల్లలు రెండూ చాచి, ఒక ముక్కని ఒడుపుగా పట్టి పైకెత్తింది.

బావ లేచి నిలబడ్డాడు.

"తినకు. అది నిజం బాతు."

బావ మొహం పాలిపోయింది. జరిగిందంతా చెప్పేశాడు. వంటగదిలో చేసుకున్న ఒప్పందం, మిరపకాయలు, ఎముకలు, నా సగం వాటాతో సహా ఏదీ దాచలేదు. "నన్నేమైనా అను. ఇంట్లోకి రానివ్వకు. కానీ ఇన్నాళ్ళు నువ్వు నిలబెట్టుకున్నది నా మూలంగా చెడిపోకూడదు. అది కింద పెట్టు" అన్నాడు. నవ్వులాటకి చెప్తున్నాను గానీ, ఆ క్షణంలో మా బావ మీద నాకు గౌరవం కలిగింది.

అక్క ఆయన వైపే చూస్తూ ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. మింగింది. బావ కుర్చీలో కూలబడ్డాడు.

అక్క గ్లాసుడు నీళ్ళు తాగి, నోటి ముందు చేత్తో విసురుకుంది. "ఇంత కారం ఎలా తిన్నారండీ ఇన్నాళ్ళూ? పైగా ఇది బాతు కాదు. మొదటి రోజు నుంచీ కాదు."

యజమానురాలు వెల్లుల్లి గిన్నెతో సహా మా బల్ల దగ్గరికి వచ్చి మిగతా కథ చెప్పింది. బావ అలా అడగ్గానే ఆవిడకి అనుమానం వచ్చిందట, ఈయన పెళ్ళానికి తెలియకుండా పెళ్ళానికే పెట్టేస్తాడేమోనని. చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన అక్కని పక్కకి పిలిచి చెప్పేసిందట. ఆయన అడిగినదానికి సరే అనండి, ప్లేటులో మాత్రం ఉత్తుత్తిదే పెట్టండి అందట మా అక్క.

పాత పద్యాల భాషలో వీగెన్ అంటే ఓడిపోయాడని అర్థం. మా బావ ఆ సాయంత్రం రెండు రకాలుగానూ వీగెన్.

నేను నమ్మలేదు. నా సర్టిఫికెట్ పరువేం కావాలి. డాక్టరు కళ్ళు మూసుకుని, తన బాతొక ముక్క, ఇదొక ముక్క తిని, రెండోదే అసలైన బాతని తేల్చాడు. రెండోది ఉత్తుత్తిది. బావ కళ్ళారా చూస్తే గానీ ఒప్పుకోనన్నాడు. యజమానురాలు మమ్మల్ని వంటగదిలోకి తీసుకెళ్ళింది.

వెడల్పాటి మూకుడులో సోయా పాలు సన్నసెగ మీద కాగుతున్నాయి. పైన పల్చటి మీగడ కడుతోంది. ఒకావిడ ఒక పుల్లతో దాన్ని కింద నుంచి లేవనెత్తింది. పట్టు గుడ్డలా, దీపం వెలుగు అవతలికి కనబడేలా ఆ పొర గాలిలో వేలాడింది. అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, సాసు రాసి, మడిచి, బరువు పెట్టి నొక్కి, టీ ఆకు పొగలో ఉంచి, చివరికి నూనెలో వేస్తారట. మేము కొవ్వనుకున్నది ఆ మడతల మధ్య తేమ. చర్మమనుకున్నది వేగిన పై పొర. బావ చేతులు కట్టుకుని, పెద్దవాళ్ళ ఎదుట నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్పి పెడితే నాలుగు ముక్కలు తిని, బాతులా లేదని మానేసేవారు. దొంగతనంగా తింటున్నాననుకున్నారు కాబట్టి అంత రుచిగా ఉంది" అంది అక్క. కాస్త దూరం నడిచాక, "మీ కానుక నిలబెడదామనుకున్నాను. ఇవాళ మీరే నిలబెట్టారు. ఇక మీ ఇష్టం. ఏం తిన్నా నేనేమీ అనుకోను. నిజంగానే చెప్తున్నాను" అంది.

ఆ మాటలో తిరకాసేమైనా ఉందేమోనని బావ నెలంతా వెతికాడు. దొరకలేదు.

తరవాతి భోజనానికి బావ అందరి ఎదుటా, ఏ దాపరికం లేకుండా, నిజం బాతు తెమ్మన్నాడు. వచ్చింది. అక్క తన వంకాయ తింటోంది. టీచరమ్మ తల వంచుకుంది. బావ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు. ఇంకో ముక్క తిన్నాడు. పొగ వాసన కోసం వెతుకుతున్నట్టు ముక్కు ఎగబీల్చాడు. తరవాత యజమానురాలిని దగ్గరికి పిలిచి, పక్కవాళ్ళకి వినబడకుండా చెప్పాడు.

"ఏమీ అనుకోకండమ్మా. ఇవాళ పొరపాటున నకిలీది వచ్చినట్టుంది."

ఆవిడ ప్లేటు వంకా, అక్క వంకా చూసి లోపలికి వెళ్ళింది. అక్క తల పైకెత్తలేదు గానీ భుజాలు కదులుతున్నాయి. బావ ప్లేటుని నెమ్మదిగా పక్కకి జరిపాడు.

తేరగా వచ్చిందాన్ని వదులుకోవడం ఎందుకని ఆ ప్లేటు నేను లాక్కుని రెండు ముక్కలు తిన్నాను. చెప్పొద్దూ, బావ మాటే నిజం.