మొదటి బంతి వీరులు

ఒక పెద్ద అడవిలో అనగానే సింహం ఉండాలి, దానికో మంత్రి ఉండాలి అని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. ఈ అడవిలోనూ ఉండే ఉంటాయి గానీ, నాకు వాటితో పని లేదు. నేను చెప్పేది నాంచారమ్మ పూటకూళ్లింటి సంగతి.

నాంచారమ్మ ఎలుగుబంటి. మొగుడు పోయాక అత్తగారి పూటకూళ్లిల్లు తనే నడుపుతోంది. తాటాకు కప్పు, మట్టి అరుగులు, ముందు ఉప్పు బళ్లు వెళ్లే దారి, వెనక నల్లగుట్ట. ఆ గుట్ట మీది గుహలో రెండు తలల అగ్గిభూతం ఉండేది. అది బయటికొచ్చి ఒక్కసారి నిప్పు ఊదిందంటే మూడు నెలలు ఉప్పు బళ్లు కదిలేవి కావు. అప్పుడు ఎవరో ఒక వీరుడు కత్తి పట్టుకుని గుట్ట ఎక్కాల్సి వచ్చేది.

అందుకే అత్తగారి కాలం నుంచి ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. భూతాన్ని ఎదిరించినవాళ్లకు మొదటి బంతి, మిగతా బాటసారులకు రెండో బంతి. మొదటి బంతిలో జొన్న సంకటి పొగలు కక్కుతూ వస్తుంది. మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు. రెండో బంతి వేళకు అదే సంకటి చల్లారి బిగుసుకుపోతుంది. దానితో కొబ్బరికాయ కొట్టుకోవచ్చు.

చాలాకాలంగా మొదటి బంతిలో ఒకే ఒక్క విస్తరి పడేది. అది గురవయ్య అనే ముసలి ముంగిసది. ఎనిమిదేళ్ల కిందట గురవయ్య ఒక్కడే గుట్టెక్కి భూతం తోక పట్టుకుని కొరికాడు. ఆ కాటుకు భూతం గుహలో దూరి మళ్లీ బయటికి రాలేదు. గురవయ్య పళ్లు కూడా ఆ తోకలోంచి బయటికి రాలేదు. ఇప్పుడాయన నోట్లో ఒక్క పన్ను లేదు, వేడి సంకటి తప్ప మరేదీ మింగలేడు. మొదటి బంతి ఆయనకు గౌరవం కోసం కాదు, ప్రాణం నిలవడం కోసం.

ఇలా ఉండగా సోమలింగం అనే నక్క ఆ ఇంట్లో దిగాడు. రెండో బంతిలో కూర్చుని సంకటి ముద్దతో కాసేపు కుస్తీ పట్టాడు. అంతకుముందే ఆ ముసలి ముంగిస నెయ్యి నాకుతూ లేవడం చూసి ఉన్నాడేమో, కడుపు మండిపోయింది.

"ఆ పెద్దాయన ఎవరు వదినా?" అని అడిగాడు.

"అగ్గిభూతాన్ని కొరికిన మహానుభావుడు," అంది నాంచారమ్మ.

"కొరుకుతుంటే నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూస్తానయ్యా? పొయ్యి దగ్గరుంటిని."

"పోనీ, ఎవరు చూశారు?"

"ఎనిమిదేళ్లుగా ఉప్పు బళ్లు తిరుగుతున్నాయి కదా!"

"బళ్లు నోరు విప్పి సాక్ష్యం చెబుతాయా వదినా?"

మర్నాటికల్లా 'వీరుల గుర్తింపు సంఘం' వెలిసింది. అధ్యక్షుడు సోమలింగమే. కార్యదర్శి పేరయ్య అనే గాడిద. పేరయ్య కాగితం మీంచి తల ఎత్తడు, అదే అతని అర్హత. గిట్ట సిరాలో ముంచి ముద్ర వేస్తే అరుగు అదిరేది. సంఘం పెట్టిన నిబంధన ఒక్కటే: భూతాన్ని ఎదిరించినట్టు ముగ్గురు సాక్షులు చెప్పాలి.

"ఒంటరిగా గుట్టెక్కినవాడికి ముగ్గురు సాక్షులు ఎక్కణ్ణుంచి వస్తారయ్యా?" అంది నాంచారమ్మ.

"అది నిబంధనలో లోపం కాదు వదినా. ఎక్కినవాడి లోపం. తోడు తీసుకెళ్లాల్సింది."

మొదటి దరఖాస్తు సోమలింగానిదే. తోడేలు, కుందేలు, కప్ప సాక్ష్యం చెప్పాయి. తర్వాత తోడేలు దరఖాస్తు. నక్క, కుందేలు, కప్ప సాక్ష్యం చెప్పాయి. ఇక రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే. నెల తిరక్కుండా నలభై రెండు జంతువులు అగ్గిభూతాన్ని చంపేశాయి. కుందేలు ఒక్క వేటుకు రెండు తలలూ నరికిందట. కప్ప మంత్రం వేసి బూడిద చేసిందట, అదీ వానలో తడుస్తూ. వీరులందరూ కత్తులు తెచ్చి చూరులో గుచ్చితే, ఆ బరువుకు చూరు వంగిపోయింది.

ఆఖర్న గురవయ్య వంతు వచ్చింది.

"సాక్షులు?" అన్నాడు పేరయ్య, కాగితం చూస్తూనే.

"అక్కడ నేనూ అదీ తప్ప ఎవరూ లేరు బాబూ."

"అయితే దాన్నే తీసుకురా!" అన్నాడు సోమలింగం. వీరులందరూ విరగబడి నవ్వారు. గురవయ్య విస్తరి రెండో బంతిలోకి మారింది.

మొదటిరోజు గురవయ్య సంకటి ముద్దను చాలాసేపు చప్పరించి వదిలేశాడు. రెండోరోజు నాంచారమ్మ ఎవరూ చూడకుండా అందులో వేడినీళ్లు పోసి మెత్తగా పిసికి వడ్డించింది. సాయంత్రానికి సంఘం నుంచి తాఖీదు. రెండో బంతి విస్తరిలోంచి ఆవిరి లేచినట్టు కప్ప ఫిర్యాదు చేసింది, మళ్లీ ఇలా జరిగితే పొయ్యి ఆర్పించేస్తాం అని. పొయ్యి ఆరితే పూటకూళ్లిల్లు లేనట్టే. నాంచారమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. పొగ కళ్లలో పడిందని చెప్పింది గానీ, ఏడ్చింది.

ఆ తర్వాత నాలుగు రోజులు గురవయ్య మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు. ఐదోరోజు పొద్దున్నే కర్ర పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి మామా?" అంది నాంచారమ్మ.

"సాక్షిని తేవడానికమ్మా."

"నీకేమన్నా మతిపోయిందా? అది నిన్ను కాల్చి బూడిద చేస్తుంది!"

"ఆకలికి పోయేకంటే తెలిసినవాళ్ల చేతిలో పోవడం నయం కదూ," అంటూ గురవయ్య గుట్టెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం మొదటి బంతిలో నలభై రెండు విస్తర్లు పడ్డాయి. నెయ్యి పోయడం ఇంకా అవనేలేదు, నేల అదిరింది. చూరు కింద నుంచి ఒక తల వచ్చింది. వెనకే ఇంకో తల వచ్చింది. రెండు మెడల మధ్య గురవయ్య కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

బంతి మొత్తం బిగుసుకుపోయింది. మింగబోయిన ముద్ద కుందేలు గొంతులోనే ఆగిపోయింది.

"సాక్ష్యం కావాలన్నారట. ఈయన కాటు అబద్ధమంటే మా పరువూ పోతుంది," అంది పెద్దతల.

"తోక కూడా తెచ్చాం," అంది చిన్నతల. భూతం వెనక్కి తిరిగి చూపించింది. తోకలో వరసగా ముంగిస పళ్లు మెరుస్తున్నాయి.

ఆ ఇంట్లో భయపడనివాడు పేరయ్య ఒక్కడే. ఎందుకంటే తల ఎత్తలేదు. "పేరు?" అన్నాడు.

"అగ్గిభూతం."

పేరయ్య కాగితాలు తిరగేశాడు. "అగ్గిభూతం నలభై రెండుసార్లు చచ్చిపోయినట్టు ఇక్కడ ముద్ర ఉంది. చచ్చినవాళ్ల సాక్ష్యం చెల్లదు."

సోమలింగానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అదీ మాట! కాగితం ప్రకారం నువ్వు లేవు. దయచేసి వెళ్లు," అన్నాడు.

"వెళ్తాం. మమ్మల్ని చంపిందెవరో చూపిస్తే ఒక దణ్ణం పెట్టుకుని వెళ్తాం," అంది పెద్దతల.

నలభై ఇద్దరు వీరులూ పక్కవాళ్ల వైపు చూపించారు. కుందేలు గొంతులో ముద్ద ఎలాగో మింగి, "నాకేం తెలీదు, సోమలింగం బాబాయే రాయించాడు!" అని ఏడ్చేసింది. పేరయ్య తల ఎత్తకుండానే నలభై రెండు చావులూ కొట్టేశాడు.

ఈలోగా చిన్నతలకు నెయ్యి వాసన తగిలింది. "మాకూ ఈ బంతిలో విస్తరి వేయించండి," అంది.

"భూతాన్ని ఎదిరించినవాళ్లకే," అన్నాడు పేరయ్య.

"పుట్టినప్పటి నుంచీ ఎదిరిస్తూనే ఉన్నాను! ఈ పెద్దది ఒక్కరోజు నా మాట వింటేనా!"

"నోర్ముయ్," అంది పెద్దతల.

"చూశారా?" అంది చిన్నతల.

"సాక్షులు ముగ్గురు ఉన్నారా?" అన్నాడు పేరయ్య.

"ఇది రోజూ నా మీద పడి కరుస్తుంది, నేనే సాక్షిని," అంది పెద్దతల. "గుట్ట మీద కూడా ఇదే గోల బాబూ," అన్నాడు గురవయ్య. నాంచారమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నేనూ చూశాను. ఇప్పుడే, నా కళ్లెదుటే!"

ముద్ర పడింది. పెద్దతల కూడా దరఖాస్తు పెట్టింది. దానికీ ముద్ర పడింది. తర్వాత గురవయ్య కాగితం మళ్లీ పైకి తీశారు. పెద్దతల సాక్ష్యం చెప్పింది, చిన్నతల సాక్ష్యం చెప్పింది. నాంచారమ్మ నోరు తెరవబోయింది గానీ, గురవయ్య కొరికిన రోజు తను పొయ్యి దగ్గరే ఉన్నానని మొదట్లోనే సోమలింగంతో అనేసింది.

రెండు తలలూ మెల్లిగా సోమలింగం వైపు తిరిగాయి. ముక్కుల్లోంచి సన్నగా పొగ వస్తోంది.

"మూడో సాక్షివి నువ్వే కదూ?"

"చూశాను!" అని అరిచాడు సోమలింగం. "కళ్లారా చూశాను! ఒంటరిగా ఎక్కాడు, తోక పట్టాడు, కొరికాడు!"

సోమలింగం జీవితంలో ఆడిన అబద్ధాల్లో నిజమైంది అదొక్కటే.

ఆ పూట మొదటి బంతిలో మూడు విస్తర్లే మిగిలాయి. గురవయ్య ఆవిరి మీద ముఖం పెట్టి, ఆరు రోజుల ఆకలి తీరేదాకా తలెత్తకుండా తిన్నాడు. నాంచారమ్మ రెండోసారి నెయ్యి పోసింది, మూడోసారీ పోసింది. భూతానికి ఆ సంకటి రుచి ఎక్కి, రోజూ దిగొచ్చి తిని వెళ్తోంది. ఉప్పు బళ్లు మామూలుగా తిరుగుతున్నాయి. రెండో బంతికి మాత్రం గిన్నె అడుగు మాడు తప్ప ఏమీ మిగలడం లేదు.

సంఘం మూతపడలేదు. అసలు పని ఇప్పుడే పెరిగింది. 'నేను అగ్గిభూతాన్ని ఎన్నడూ ఎదిరించలేదు' అని గుర్తింపు కోసం నలభై రెండు దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి ముగ్గురేసి సాక్షులు, అంతా పాతవాళ్లే. పేరయ్య తల ఎత్తకుండా అన్నిటికీ ముద్ర వేశాడు.

నీతి: ఏ ఘనకార్యానికైనా ముందు ముగ్గురు సాక్షులను వెతుక్కోండి, దొరికారంటే ఇక ఆ కార్యం చేసే శ్రమ తప్పుతుంది.