కేసముద్రంలో చెక్కబాట

ఆ బుధవారం పొద్దున సంజీవ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా పొలానికి పోవాలి, మడిలో పరిచిన చెక్కల మీద అటూ ఇటూ పదిసార్లు నడవాలి, ఎవరి కంటా పడకముందే ఇంటికొచ్చి స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు ఉప్మా తినాలి. సోమ, మంగళవారాలు ఈ పథకం చక్కగా సాగింది.

దీనికంతటికీ మూలం ఐర్లండ్‌లో ఉంది. సంజీవ భార్య రాధ మహబూబాబాద్‌లో దవాఖాన నర్సు. ఆమె పిన్ని కూతురు రుచిత కూడా నర్సే, నాలుగేళ్లుగా ఐర్లండ్‌లో ఉంటోంది. అక్కాబావలను జూన్‌లో రమ్మని పిలిచి, తీసుకుపోయే చోట్ల ఫోటోలు పంపింది. అందులో ఒక ఫోటోను రాధ అదే పనిగా చూసింది. ఒక కొండ, చెట్టన్నది లేదు. గోధుమరంగు గడ్డి, దాని కింద నల్లటి బురద నేల. ఆ బురద మీదుగా చెక్కలతో కట్టిన సన్నటి బాట మెలికలు తిరుగుతూ కొండ కొన దాకా పోతోంది. దాని మీద నడుస్తున్నవాళ్లందరివీ ఖాళీ చేతులు. టిఫిన్ డబ్బా, గొడుగు, కూరగాయల సంచీ, ఎవరిదో మందుల చీటీ ఏదీ లేకుండా తాను చివరిసారి ఎప్పుడు నడిచిందో రాధకు గుర్తు రాలేదు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె వెళ్లిన అతి దూరపు ఊరు తిరుపతి. అప్పుడైనా అత్తగారిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించడానికే సరిపోయింది.

మూడు నెలలు తిరిగి ఆమె సెలవు మంజూరు చేయించుకుంది. ఆ సంగతి చెప్పడానికి రుచితకు ఫోన్ చేసినప్పుడు సంజీవ పక్కనే కూర్చుని పల్లీలు వలుస్తున్నాడు. అక్కడ ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుందని, గాలికి మనిషి తూలిపోతాడని, చెక్క మీంచి అడుగు పక్కకు పడితే మోకాలి దాకా దిగబడుతుందని రుచిత చెప్పింది. చివరికి, "నువ్వు నడుస్తవు అక్కా. బావతోని అయితదా?" అని అడిగింది.

"ఆయనను కింద కార్ల కూసోపెడ్దాం తియ్యి," అంది రాధ.

ఆమె చెడ్డగా అనలేదు. ఇరవై ఏళ్లుగా మార్కెట్ యార్డు ఆఫీసులో కుర్చీ మీద కూర్చుని రాసుకునే మనిషి గురించి ఉన్నమాటే అంది. అందుకే సంజీవకు అది బాగా గుచ్చుకుంది. పల్లీలు వలుస్తూనే, కారులో కూర్చునే ప్రసక్తి లేదని మనసులో తీర్మానించుకున్నాడు.

ఊరి బయట అతనికి రెండెకరాల పొలం ఉంది. అందులో ఒక మడి నాటుకు దున్ని, నీళ్లు పెట్టి, బురదగా సిద్ధంగా ఉంది. ఇళ్లకు స్లాబులు పోసే అమర్‌సింగ్ దగ్గర సెంట్రింగ్ చెక్కలు పది రోజులకు అడిగి తెచ్చి, కింద ఇసుక సంచులు పెట్టి, మడి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరుసగా పరిచాడు. అక్కడ వాన ఉంటుందన్నారు కనుక రెయిన్‌కోటు వేసుకున్నాడు. బరువుకు అలవాటు పడాలని వీపు సంచీలో ఐదు కిలోల బియ్యం పెట్టుకున్నాడు. చేతికి ఊతంగా రెండు వెదురు కర్రలు పట్టుకుని, బురద ఎంత లోతుందో తెలియడానికి వాటికి అడుగుకొకటి చొప్పున ఎర్ర టేపు చుట్టాడు. ఇరవై అడుగులు నడిచి, ఆగి, ఫోన్‌లో అడుగుల లెక్క చూసి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు.

బుధవారం నాడు పక్క పొలం పోచయ్య మోటరు వేయడానికి రోజూ కన్నా గంట ముందే వచ్చాడు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. ఎండలో రెయిన్‌కోటు, ఎర్ర గీతల కర్రలు, పుస్తకం, ఫోను. అన్నీ చూశాక అడిగాడు.

"ఏం చేస్తున్నవ్ సారూ?"

నడక నేర్చుకుంటున్నానని చెప్పడానికి యాభై మూడేళ్ల మనిషికి నోరు రాలేదు. "ఏం లేదు పోచన్నా, జర కొలుస్తున్న," అన్నాడు సంజీవ. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "ఎవరికీ చెప్పకు," అని కూడా అన్నాడు.

దాంతో విషయం ఖాయమైపోయింది.

పది గంటలకు సంజీవ ఆఫీసులో కూర్చునేసరికి యార్డులో వడ్ల కుప్పల దగ్గర, ట్రాక్టర్ల మీద ఒకటే మాట. కొత్త రోడ్డు పడుతోందట, సర్వే గుట్టుగా చేస్తున్నారట, మన సంజీవ సారుకే ఆ పని అప్పగించారట. చెక్కల వరుస ఎటు చూపిస్తే రోడ్డు అటే. ఆ వరుస సూటిగా పోచయ్య బావిని చూపిస్తోంది. దాన్ని కొద్దిగా తూర్పుకు తిప్పితే కొమురెల్లి మామిడితోట పక్కనుంచి పోతుంది.

రైతులు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వచ్చారు. రోడ్డు తమ పొలం పక్కనుంచి పోవాలన్నవాళ్లు సగం, తమ పొలంలోంచి మాత్రం పోవద్దన్నవాళ్లు సగం. తనకేమీ తెలియదని సంజీవ ఒట్టేసి చెప్పాడు. సారు ఇంతగా దాస్తున్నాడంటే రోడ్డు చాలా పెద్దదే అయి ఉంటుందని వాళ్లు వెళ్లిపోయారు. ఎవరో రెండు సొరకాయలు బల్ల కింద పెట్టిపోయారు. మధ్యాహ్నం మాజీ సర్పంచి కొమురెల్లి స్వయంగా వచ్చి, టీ తెప్పించి, ఊరి బాగోగులన్నీ మాట్లాడి, లేచేముందు మెల్లగా అన్నాడు.

"సంజీవన్నా, గా చెక్కలు జర తూర్పుకు తిప్పితే నీకేం పోతది?"

గురువారం పొద్దున సంజీవ పొలానికి పోతే చెక్కలు తూర్పుకు తిరిగి ఉన్నాయి. బర్రెలేవో తొక్కాయనుకుని, తిట్టుకుంటూ వాటిని మళ్లీ సూటిగా సర్దాడు. దూరం నుంచి చూస్తున్న పోచయ్య, పైనుంచి ఆర్డరు వచ్చినట్టుందని, ఇక తన బావి పోయినట్టేనని నీరసంగా కూలబడ్డాడు. మామిడితోట వైపు నుంచి చూస్తున్న కొమురెల్లి మాత్రం కూలబడలేదు. మండల ఆఫీసుకు ఫోన్ చేసి, తమ ఊళ్లో ఎవరి అనుమతితో సర్వే జరుగుతోందని గట్టిగా అడిగాడు.

అదే పొద్దున రాధ రోజూ లాగే మహబూబాబాద్ రైలెక్కింది. ఆకుకూరల గంపతో అదే బండిలో పోయే ఎల్లక్క ఆమె పక్కన జరిగి కూర్చుని, మీ ఆయన పొలం కొలిపిస్తున్నాడట కదా, అమ్ముతున్నారా అని అడిగింది. రోడ్డు కబురు ఎల్లక్క దాకా వచ్చేసరికి అందులోంచి రోడ్డు జారిపోయి, పొలం, కొలత మాత్రమే మిగిలాయి.

నాలుగు రోజులుగా తెల్లారకముందే మాయమవుతున్న భర్త, తలుపు వెనక దాచిన బురద ప్యాంటు, అడిగితే తడబడే సమాధానాలు, అన్నీ రాధకు ఒకేసారి అర్థమయ్యాయి. తన సరదా కోసం, మామగారు ఇచ్చిపోయిన పొలాన్ని ఆ మనిషి అమ్ముతున్నాడు. దవాఖానకు పోగానే సెలవు వద్దని కాగితం రాసిచ్చింది. తర్వాత మెట్ల మీద కూర్చుని, మేము రావడం లేదని రుచితకు మెసేజ్ పెట్టి, కొండ ఫోటోను ఫోన్‌లోంచి తీసేసింది.

సాయంత్రం అతనికి ఇష్టమైన చింతచిగురు పప్పు వండింది. సంజీవ ఆమె ముఖం చూశాడు. ఎవరో తన నడక సంగతి చెప్పేశారనుకున్నాడు.

"నీకు తెలిసిపోయిందా?" అన్నాడు పళ్లెంలోకి చూస్తూ.

"తెలిసింది. నాకొక్క మాట చెప్పకుంట ఎందుకు చేసినవు?"

"నీ కోసమే."

రాధ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కోసం గంత పని చెయ్యొద్దు. ఆపెయ్యి."

"గిప్పుడెట్ల ఆపుత రాధా. సగం అయింది. ఇంకో నాలుగు దినాలైతే అంతా అయిపోతది."

రాధ గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తన పట్టుదల చూసి ఆమె మనసు కరిగిందనుకుని సంజీవ మరోసారి పప్పు వడ్డించుకున్నాడు.

శుక్రవారం పొద్దున అతను పొలం చేరేసరికి గట్ల మీద నలభై మంది ఉన్నారు. ఒక వైపు పోచయ్య, అతని వాళ్లు. మరో వైపు కొమురెల్లి, అతని వాళ్లు. మధ్యలో మండల ఆఫీసు నుంచి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్.ఐ.) మహేందర్, చంకలో ఊరి పొలాల నక్షా పటం. వెనక్కి తిరుగుదామని సంజీవ అనుకున్నాడు గానీ, రెయిన్‌కోటులో ఉన్న మనిషి జనంలో కలిసిపోవడం కష్టం. ఎవరు పంపారు, ఏ శాఖ, ఉత్తర్వు కాగితం ఏదని మహేందర్ వరుసగా అడుగుతుండగా, గట్టు పక్కన ఆటో ఆగింది. రాధ దిగింది. చేతిలో పొలం పాసుబుక్కు ఉంది. సూటిగా ఆర్.ఐ. ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, ఈ పొలం అమ్మెడిది లేదు. కొలుసుడు ఆపుండ్రి. నేను లీవ్ వాపస్ ఇచ్చిన, ఐర్లండ్ పోతలేం."

ఐర్లండ్ మాట వినగానే జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రోడ్డు అక్కడిదాకా పోతుందా అని ఎవరో మెల్లగా అడిగారు.

సంజీవకు మాత్రం ఒక్క మాటే వినిపించింది. సెలవు వాపస్ ఇచ్చింది. మూడు నెలలు తిరిగి తెచ్చుకున్న సెలవు. నలభై మంది ముందు పరువు పోతుందన్న భయం అతనికి అప్పటిదాకా ఉంది. ఆ మాటతో అది ఎటో పోయింది.

"నేను పొలం అమ్ముతలేను రాధా. గిది సర్వే కాదు. గా ఐర్లండ్ కొండ మీద నడువనీకి నేర్చుకుంటున్న. కార్ల కూసోబెడ్త అన్నవు గదా."

ముందుగా తేరుకున్నది కొమురెల్లి. పెద్ద ఉద్యోగులకు అబద్ధాలు కూడా బాగానే నేర్పుతున్నారన్నాడు. పోచయ్య కూడా జీవితంలో మొదటిసారి కొమురెల్లితో ఏకీభవించాడు. బురదలో నడవడానికి ఎవరైనా విమానమెక్కి పోతారా అన్నది అతని ప్రశ్న. నిజమైతే నడిచి చూపించమన్నాడు మహేందర్.

సంజీవ చెక్కెక్కాడు. నాలుగు రోజుల సాధన ఊరికే పోలేదు. కర్రలు ఆనిస్తూ, తూలకుండా, ఒకే వేగంతో మడి మధ్య దాకా పోయాడు. ఆ నడక మరీ నిక్కచ్చిగా ఉండేసరికి కొమురెల్లికి అనుమానం ఇంకా పెరిగింది. సంజీవ చేతిలోని పుస్తకంలో ఏం రాసుందో చూడాలని తానూ చెక్కెక్కాడు. కొమురెల్లి ఒక్కడే చూస్తే లాభం లేదని పోచయ్య ఎక్కాడు. ఇద్దరూ మధ్యలో కొట్టుకుంటారేమోనని మహేందర్ ఎక్కాడు. నలుగురి బరువుకు కింద ఇసుక సంచీ ఒకటి పక్కకు జారింది. చెక్క ఒక కొన పైకి లేచింది. ముందు కొమురెల్లి, అతని చొక్కా పట్టుకుని పోచయ్య, పోచయ్యను పట్టుకోబోయి నక్షాతో సహా ఆర్.ఐ., చివరగా బియ్యం సంచీతో సంజీవ, నలుగురూ మడిలో పడ్డారు.

పుస్తకం మాత్రం ఎగిరి గట్టు మీద పడింది. రాధ తీసి చూసింది. మొదటి పేజీలో పైన 'సోమవారం' అని, దాని కింద 'వంద అడుగులు, రెండుసార్లు పడ్డాను, రాధకు చెప్పొద్దు' అని ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత, తొడల దాకా బురదలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్న భర్తను చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక గట్టు మీద కూలబడింది. ఆమెను చూసి పోచయ్య మనుషులు, వాళ్లను చూసి కొమురెల్లి మనుషులు నవ్వారు. మహేందర్ ఒక్కడే నక్షా పిండుకుంటూ నవ్వలేదు.

రాధ చెయ్యి అందించి సంజీవను పైకి లాగింది. "నాకు చెప్పొద్దని రాసుకున్నవా?" అంది.

"పడ్డ ముచ్చట ఎట్ల చెప్పుత," అన్నాడు అతను.

ఆ రోజు ఆమె డ్యూటీకి ఆలస్యంగా పోయింది. కారణం చెప్పమంటే మొత్తం చెప్పింది. సూపరింటెండెంట్ కళ్లజోడు తీసి, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లు తుడుచుకుని, సెలవు వద్దన్న కాగితాన్ని చించేశారు. సంజీవ ఒక ఆదివారమంతా అమర్‌సింగ్ ముందు నిలబడి సెంట్రింగ్ చెక్కల బురద కడిగాడు.

జూన్‌లో ఇద్దరూ వెళ్లారు. కొండ మీద గాలి రుచిత చెప్పినదానికన్నా ఎక్కువే ఉంది. సగం దూరంలో, నిజానికి తానెప్పుడూ ఇంతకన్నా పైకి రాలేదని ఒప్పుకుని రుచిత చెక్కల మీదే కూర్చుండిపోయింది. మిగతా బాట అక్కను తీసుకుపోయింది బావే. కొన చేరేసరికి పొగమంచు కమ్మి, పక్కన ఉన్న మనిషి తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏం కనబడ్తలేదు గదా," అన్నాడు సంజీవ, తప్పు తనదే అన్నట్టు.

"మస్తుగున్నది," అంది రాధ. గంటసేపు కిందికి దిగనివ్వలేదు.

వాళ్లు అక్కడ ఉన్నప్పుడే కేసముద్రానికి నిజంగా రోడ్డు సర్వే వచ్చింది. ముగ్గురు మనుషులు, మూడు కాళ్ల యంత్రం, ఎర్ర గీతల కర్రలు. వాళ్లు ఊళ్లో అన్ని పొలాలూ తొక్కి, మామిడితోట నడిమధ్య నుంచి గుర్తులు పాతుకుంటూ పోయినా, ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ ప్రశ్న అడగలేదు. పోచయ్య మాత్రం వాళ్లకు మజ్జిగ పోసి, ఐర్లండ్‌లో చలి బాగా ఉంటదట, స్వెటర్లు మర్చిపోకండని చెప్పి పంపించాడు.