వ్యాను వయసెంత, మామగారూ?

"నేరస్థుల్లారా! ఇక మీరు హాయిగా నిద్రపోయే రోజులు అయిపోయాయి!"

కజుబి గారు యార్డు గేటు దగ్గర అద్దె మోటారు సైకిలు దిగుతూనే ఈ ప్రకటన చేశారు. వినడానికి అక్కడ కాపలావాడు, ఒక కుక్క, ఆయన కోడలు నబ్బోసా తప్ప ఎవరూ లేరు. కాపలావాడు కుర్చీలో గుర్రు పెడుతున్నాడు. కుక్క లేచి ఆయన్ని ఒకసారి చూసి, అటు తిరిగి పడుకుంది.

"కంపాలా మొత్తంలో తెలివికి ఒకటే చిరునామా. అది ప్రస్తుతం ఈ టోపీ కింద ఉంది!"

నబ్బోసా మోకాళ్ల మీద కూర్చుని, "కులాసానా మామగారూ?" అంది. మూడు బారల దూరం నుంచే. కోడలి వేలు మామగారికి తగిలితే ఇద్దరికీ ఒళ్లంతా వణుకు పట్టుకుంటుందని ఈ బుగాండా సీమలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దగ్గరికి వెళ్లే వీలే ఉంటే ఆయన నోటికి ఏనాడో చెయ్యి అడ్డం పెట్టి ఉండేది.

కజుబి గారు జీవితమంతా పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరయ్యారు. జనం కార్డు ముక్కలన్నీ చదివీ చదివీ, మనుషుల మనసులు కూడా చదివేస్తానని ఒక నమ్మకం కుదిరింది. ఇప్పటిదాకా చేపట్టిన కేసులు రెండు. పొరుగింటి కోడి మాయమైన కేసులో, దర్యాప్తు మధ్యలో ఎవరో భోజనానికి పిలిస్తే వెళ్లి, సాక్ష్యాన్ని తానే తినేసి వచ్చారు. రెండోది ఆయన కళ్లజోడు పోయిన కేసు. అది ఇంకా నడుస్తోంది.

"ఎవరు చెప్పారు మామగారూ, ఇక్కడున్నానని?"

"డిటెక్టివ్‌కి ఒకరు చెప్పాలా?"

"అత్తగారు చెప్పారా?"

"ఆవిడే చెప్పింది. సరే, హత్య ఎక్కడ జరిగింది?"

"హత్య కాదు మామగారూ. వ్యాను వయసు తేలడం లేదు."

నబ్బోసాకి నవ్వు రాలేదు. ఆమె పెళ్లిళ్లకి కేకులు చేస్తుంది. పోయిన నెల మూడంతస్తుల కేకు మోటారు సైకిలు మీద వెళ్తూ గోతిలో ఎగిరి కాలవలో పడింది. పెళ్లికూతురు ఏడ్చింది, ఆమెతోపాటు నబ్బోసా కూడా ఏడ్చింది. అందుకే కూడబెట్టిందంతా ఊడ్చి, జపాన్‌లో వాడేసిన వ్యానొకటి కొంది. పన్ను కట్టేదాకా అలాంటి బండ్లన్నీ ఈ యార్డులోనే ఉంటాయి. పన్ను కట్టింది కూడా. తీరా నంబరు ఇచ్చే వేళకి పన్నుల ఆఫీసరు లమారో మేడం అడ్డం తిరిగింది. బండి ఏ ఏడాదిలో రోడ్డెక్కిందో కాయితాలు చెబుతున్నాయి గానీ, ఎప్పుడు తయారైందో చెప్పడం లేదు. పదిహేనేళ్లు దాటితే నంబరు ఇవ్వరు. తయారైన ఏడు సీటు బెల్టుల మీద కుట్టిన చీటీలో ఉంటుంది. చూస్తే, ఈ వ్యానులో బెల్టుల మీద చీటీలన్నీ ఎవరో శుభ్రంగా కత్తిరించేశారు.

"కత్తిరించారంటే దాచారనే కదమ్మా అర్థం," అంది లమారో. "శుక్రవారం సాయంత్రం వస్తాను. అప్పటికి రుజువు లేకపోతే బండి తిరిగి మొంబాసా రేవుకి పోతుంది."

ఇవాళ శుక్రవారం. రేపు ముకోనోలో పెళ్లి. మళ్లీ ఇంకో బండి కొనడం ఈ జన్మలో తన వల్ల కాదని ఆమెకి తెలుసు. భర్త లారీ తోలుకుంటూ జూబా దారిలో ఉన్నాడు, ఫోను కలవడం లేదు. దేవుడు సాయం పంపిస్తాడనుకుంటే ఈయన్ని పంపాడు.

"చీటీల హత్య!" అన్నారు కజుబి గారు గాలి పీలుస్తూ. "దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది. అనుమానితుల్ని ప్రవేశపెట్టు."

బండి అమ్మిన వాలుసింబి అప్పుడే వేయించిన పల్లీల పొట్లంతో వచ్చాడు. బొజ్జ ముందు, తను వెనక నడిచే మనిషి. మాటలు మాత్రం తేనెలో ముంచి తీస్తాడు.

"ఓహో! డిటెక్టివ్ కజుబి గారంటే మీరేనా సార్? మీ పేరు వినని వాడున్నాడా ఈ ఊళ్లో? పల్లీలు తీసుకోండి."

కజుబి గారు పల్లీలు తీసుకున్నారు. ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు. వాలుసింబి కళ్లలోకి నిశితంగా చూశారు.

"ఇతను నిర్దోషి," అని తేల్చేశారు.

"ఏమీ అడగకుండానేనా మామగారూ?"

"అడిగేది పోలీసులమ్మా. నేను చూస్తాను."

తర్వాత వ్యాను చుట్టూ మూడు చుట్లు తిరిగారు. రెండో చుట్టులో పక్క బండికి తల కొట్టుకుని దాన్ని కూడా అనుమానితుల్లో చేర్చారు. తలుపు తీసి ముందు సీటు మీదికి వంగి, ఒక్కసారిగా కొయ్యబారిపోయారు.

"తెల్లపొడి!"

"మామగారూ, అదీ..."

"మాట్లాడకు! మత్తుమందు!" వేలితో తీసి నాలిక మీద వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. "తియ్యగా ఉంది. కొత్త రకం. నా పెన్షను నా భార్యకి చెందుతుందని రాసుకోండి."

"కేకు మీద చల్లే పంచదార పొడి అది. ఇందాక నేను కూర్చున్నాను ఆ సీట్లో."

కజుబి గారు కళ్లు తెరిచారు. పొడి వంక, కోడలి దుస్తుల మీద అదే పొడి వంక చూశారు. గొంతు తగ్గించారు.

"అంటే నేరస్థలంలో నువ్వున్నావు. కేకులు కోసే కత్తి నీ దగ్గరుంది. నేరస్థురాలు మా ఇంట్లోనే ఉందన్నమాట!"

"నా బండిని నేనే పాడుచేసుకుంటానా మామగారూ!"

"అదే కదా ఎవరికీ రాని అనుమానం!"

వాలుసింబి దగ్గొచ్చినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు. నబ్బోసాకి కళ్లు చెమర్చాయి. గంటలో బండి పోతుంది, పరువు కూడా ఈయన చేతిలో పోతోంది. ఇంతలో గేటు దగ్గర హారను మోగింది. లమారో మేడం కారది. వాలుసింబి గుండీలు సర్దుకుంటూ అటు పరిగెత్తాడు.

"నేరం ఎలా జరిగిందో నటించి చూపిస్తాను," అంటూ కజుబి గారు వ్యాను వెనక సీట్లోకి దూరారు. "ఇప్పుడు నేను నువ్వు. ఇదిగో, ఇలా కూర్చున్నాను. ఇలా బెల్టు లాగాను."

ఆ మూల బెల్టు లోపలెక్కడో ఇరుక్కుపోయి ఎవరికీ కదలలేదు. నిన్న నబ్బోసా ఎంత లాగినా జానెడు కూడా రాలేదు. ఆ మాట చెప్పేలోపే ఆయన ఒంటి బరువంతా వేసి లాగారు. బారెడు వచ్చింది. విజయగర్వంతో తల, ఒక చెయ్యి అందులో దూర్చారు. బెల్టు సర్రున వెనక్కి ముడుచుకుని ఆయన్ని గోడకి బిగించేసింది.

"అమ్మాయ్! ముఠా నన్ను పట్టుకుంది!"

"కదలకండి మామగారూ!"

"కదలడానికి చోటెక్కడుంది! విప్పు!"

"ఎలా విప్పను? నేను ముట్టుకోకూడదు!"

"అవునవును, ముట్టుకోకు! దూరంగా ఉండి కాపాడు!"

నబ్బోసా అటూ ఇటూ చూసింది. బండ్లు కడిగే పొడుగు కర్ర బ్రష్షు కనిపించింది. తలుపు బయట నిలబడి, కర్ర లోపలికి పెట్టి బెల్టు కిందికి దూర్చబోయింది. మొదటిసారి కర్ర ఆయన పొట్టలో దిగింది. రెండోసారి టోపీ ఎగిరిపోయింది.

"చంపేస్తున్నారోయ్!"

"ఏం జరుగుతోందిక్కడ?" అంది వెనక నుంచి లమారో మేడం.

ఆ గొంతు వినగానే నబ్బోసా కంగారులో కర్రని గట్టిగా లాగింది. అదే క్షణంలో కజుబి గారు ప్రాణభయంతో ముందుకి దూకారు. లోపల ఏదో ఫటుక్కున విరిగింది. బెల్టు మొత్తం కుప్పగా బయటపడింది, దానితోపాటు ఆయన కూడా లమారో మేడం బూట్ల దగ్గర పడ్డారు.

ఇన్నాళ్లూ లోపల ఇరుక్కుపోయిన బెల్టు చివర ఒక తెల్లచీటీ వేలాడుతోంది.

లమారో వంగి చదివింది. మళ్లీ చదివింది. "రెండువేల పదమూడు, మార్చి," అంది. "పదిహేనేళ్లు కాలేదు. బండి మంచిదే."

"అదెలా మిగిలింది?" అని నెత్తి కొట్టుకున్నాడు వాలుసింబి. "యార్డులో అన్ని బండ్లకీ కత్తిరించమన్నాను కదా!"

అన్నాక గానీ వాలుసింబికి తనేమన్నాడో తెలియలేదు. ముసలి బండ్ల వయసు దాచడానికి పనివాళ్లకి కత్తెరలిచ్చి వదిలాడు. వాళ్లు ముసలిదేదో పడుచుదేదో చూడకుండా వరసపెట్టి కత్తిరించుకుంటూ పోయారు. లమారో మేడం నెమ్మదిగా తలెత్తి యార్డులో ఉన్న మిగతా బండ్లన్నిటి వంకా చూసింది.

"మీరు ఎక్కడికీ వెళ్లకండి," అంది వాలుసింబితో. తర్వాత సంతకం పెట్టి కాయితం నబ్బోసాకిచ్చింది. "రేపు పొద్దున్నే నంబరు బిగించుకోండి. ఇంతకీ ఈ చీటీ ఎవరు కనిపెట్టారు?"

కజుబి గారు అప్పుడే లేచి నిలబడ్డారు. చెంప మీద బెల్టు అచ్చు, మూతికి పంచదార. నోరు తెరిచారు, ఉపన్యాసం రాలేదు. కోడలి వంక బెదురుగా చూశారు. జరిగిందేమిటో ఆయనకీ తెలుసు.

పిలవకపోయినా ఊరు దాటి పరిగెత్తుకొచ్చిన ముసలాయన. నబ్బోసాకి ఇందాకటి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆయనంటే ఇంత ఇష్టమని ఆమెకి ఇవాళే తెలిసింది.

"మా మామగారండీ," అంది. "ఆయన డిటెక్టివ్."

కజుబి గారు కింద పడ్డ టోపీ తీసి దులుపుకున్నారు. జాగ్రత్తగా నెత్తిన పెట్టుకున్నారు.