ఆలోచించకుండా చేస్తాను

ఆ రోజు ఉదయం బ్రేకు బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆస్పత్రికి వెళ్ళాలి, నరాల డాక్టరమ్మకు చెయ్యి చూపించాలి, మందులు తీసుకోవాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. వర్షం వస్తే ఎలాగన్నది రాత్రే ఆలోచించి గొడుగు తీసి పెట్టుకున్నాడు. వర్షం రాకపోతే ఆ గొడుగును ఎక్కడ మరిచిపోతాడోనని దానికి తాడు కట్టి భుజానికి తగిలించుకున్నాడు.

బాబాయి బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముందు బండిని దాటి ఎరగడు. సైకిలు వెనకైనా సరే, ఓపిగ్గా బస్సు నడుపుకుంటూ వచ్చేవాడు. 'బ్రేకు' అన్న పేరు పెట్టింది ప్రయాణికులే. ఇంట్లోనూ అదే వేగం. కూరలో ఉప్పు సరిపోయిందా అని పిన్ని అడిగితే ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, కాసేపు గోడకేసి చూసి, అప్పుడు తల ఊపేవాడు.

ఈమధ్య ఆయనకు వణుకుడు జబ్బు వచ్చింది. కుడిచెయ్యి ఊరుకోదు. గొంతు సన్నబడిపోయింది. మొహం బిగుసుకుపోయి, నవ్వినా నవ్వినట్టు కనబడడం లేదు. ఆయన మనసులో ఏముందో కనిపెట్టడం పిన్నికి ఇదివరకే గగనంగా ఉండేది. ఇప్పుడు ఆ ఆశ కూడా వదిలేసుకుంది.

డాక్టరమ్మ చూడడం అయ్యాక పిన్ని మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడడానికి వెళ్ళింది. బాబాయిని సైకాలజిస్టు అమ్మాయి తన గదిలోకి పిలిచింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూత లేని పెన్నులు నిండిన గ్లాసు, అంతే ఆ గది.

"బాబాయిగారూ, ఈ జబ్బుకి వాడే మందుల్లో కొన్నిటి వల్ల కొంతమందికి తొందరపాటు పెరుగుతుందండీ. అది కొలవడానికి ఈ వాక్యాలు వేరే భాషలోంచి మన భాషలోకి మార్చాం. పేషెంట్లకి సరిగ్గా అర్థమవుతున్నాయో లేదో చూస్తున్నాం. ఒక్కోటీ చదివి టిక్కు పెట్టండి. కింద సంతకం చెయ్యండి."

అమ్మాయి గలగలా చెప్పుకుపోయింది. బాబాయి బుర్ర ఇంకా మొదటి గేరులో ఉండగానే ఆమె నాలుగో గేరులోకి వెళ్ళిపోయింది. అందులో ఆయన చేతికి చిక్కినవి మూడే ముక్కలు: జబ్బు, మందు, సంతకం.

కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివాడు. 'ఆలోచించకుండా పనులు చేస్తాను. నా వంతు వచ్చేదాకా ఆగను. అవసరం లేకపోయినా కంటికి నచ్చింది కొంటాను. మనసులో మాట ఉన్నదున్నట్టు అనేస్తాను.' ఇలా చాలానే ఉన్నాయి. ఎదురుగా 'ఎప్పుడూ కాదు', 'అప్పుడప్పుడు', 'తరచుగా' అని గళ్ళు.

బాబాయి మళ్ళీ మొదటినుంచీ చదివాడు. తనెప్పుడూ ఇలా చేసిన పాపాన పోలేదే! అంటే ఇకమీదట ఇలా చేస్తానని తనచేత మాట తీసుకుంటున్నారన్నమాట. సిగరెట్లు మానేస్తానని రోగులచేత ఒట్టు వేయించుకునే డాక్టర్లు లేరా? ఇదీ అలాంటి వైద్యమే కాబోలు.

"ఇవన్నీ ఇవాళే చెయ్యాలా అమ్మా?"

"ఇవాళే అయిపోతే మంచిదండీ. సగంలో వదిలెయ్యకండి."

"మా ఆవిణ్ణి ఓ మాట అడిగి..."

"అస్సలొద్దు! ఇంట్లోవాళ్ళని అడక్కూడదు. ఎక్కువ ఆలోచించకుండా, మీకెలా తోస్తే అలా కానిచ్చెయ్యండి."

ఏ డాక్టరూ ఏ మందునీ ఇంత స్పష్టంగా చెప్పి ఇవ్వలేదు. ఈ వయసులో 'తరచుగా' అంటే తన వల్ల కాదనిపించి అన్నిటికీ 'అప్పుడప్పుడు' టిక్కు పెట్టి, వణికే చేత్తో సంతకం గీసి బయటపడ్డాడు.

వసారా చివర చిన్న దుకాణం ఉంది.

"ఏం కావాలండీ?" అన్నాడు కొట్టతను.

"అవసరం లేనిది" అన్నాడు బాబాయి నిజాయితీగా.

కొట్టతను పక్కకు తప్పుకున్నాడు. బాబాయి కళ్ళు అరలన్నీ తిరిగి ఒక పసిపిల్లల ఉన్నిటోపీ మీద ఆగాయి. చిలకపచ్చ రంగు, పైన కుచ్చు. బేరమైనా ఆడకుండా కొనేశాడు. దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూశాడు.

తర్వాత మందుల కౌంటరు. వరస గుమ్మం దాకా ఉంది. బాబాయి కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుని కదిలాడు. "క్షమించండి, దాటుతున్నాను" అని ప్రతివాళ్ళకీ పేరుపేరునా చెప్పినంత మర్యాదగా చెబుతూ అందరినీ దాటుకుని, చివరికి పిన్నిని కూడా దాటేసి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏమండీ! ఏంటిది? వెనక్కి రండి, అందరూ చూస్తున్నారు!"

బాబాయి వెనక్కి తిరిగాడు. ఇంకా మనసులో మాట మిగిలిపోయింది. అన్నిటికన్నా అదే కష్టంగా ఉంది. పెదవులు కదిలాయి.

"ఏంటీ? వినబడలేదు."

మళ్ళీ కదిలాయి. పక్కనున్న బుర్రమీసాలాయన చెవి ఒగ్గి విన్నాడు. విని, హాలంతటికీ వినబడేలా చెప్పాడు. "'నువ్వు లేకపోతే నా బతుకు ఎప్పుడో లోయలో పడిపోయేదే' అంటున్నారమ్మా!"

వరసంతా ఇటు తిరిగింది. ఎవరో "అయ్యో పాపం" అన్నారు. పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఒక్క గీత కదలడం లేదు, నోట్లోంచేమో ఇలాంటి మాట. పైగా చేతిలో టోపీ పెడుతున్నాడు.

"ఇదెవరికండీ?"

"ఎవరికీ కాదు."

ఈయన పోయి, మళ్ళీ పసివాడిగా పుట్టడం గురించి ఆలోచిస్తున్నాడని పిన్నికి రూఢి అయిపోయింది.

"లోపల మీతో ఏం చెప్పారు?"

"నిన్ను అడగొద్దన్నారు" అన్నాడు బాబాయి.

పిన్ని మందుల చీటీ అక్కడే వదిలేసి కూతురికి ఫోన్ చేసింది. "మీ నాన్న నన్ను మెచ్చుకున్నారే!" అని బావురుమంది.

అవతల కూతురు మెల్లగా అడిగింది. "ఇంకా ఎన్నాళ్ళుంటారన్నారమ్మా?"

కూతురు తన మేనమామతో నాన్న పరిస్థితి బాగోలేదని చెప్పింది. మేనమామ తన ఆఫీసులో బావ ఆఖరి ఘడియల్లో ఉన్నాడని చెప్పి సెలవు పెట్టాడు. వచ్చేసరికి బాబాయి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "బావా!" అంటూ మీద పడి ఏడ్చేశాడు.

"బరువున్నావురా, లే" అన్నాడు బాబాయి, మనసులో మాట ఉన్నదున్నట్టుగా.

ఈలోగా కూతురూ వచ్చింది. అందరూ కలిసి డాక్టరమ్మ గదిలోకి తోసుకుపోయారు. డాక్టరమ్మ ఫైలు తిరగేసి, మళ్ళీ తిరగేసి, "ఈయనకేమైంది? పోయినసారి కంటే నయంగా ఉన్నారు" అంది.

"మరి ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దన్నారట!" అన్నాడు మేనమామ.

కబురందుకుని సైకాలజిస్టు అమ్మాయి పరుగున వచ్చింది. "బాబాయిగారూ, నేనేమన్నానండీ?"

"ఆలోచించకుండా చేస్తానని రాయించుకున్నావు కదమ్మా. చేస్తున్నాను. ఇంకా సగం కూడా అవలేదు" అన్నాడు బాబాయి. ఆ గొంతులో అలసట ఉంది.

అమ్మాయి కాగితం తీసి చదివింది. మళ్ళీ చదివి, ఖాళీగా కనబడ్డ స్టూలు మీద కూలబడింది. "మేడమ్, 'చేస్తాను' అంటే ఎప్పుడూ చేసే అలవాటు అనుకుని రాశాం. ఈయన ఇకపైన చేస్తానని చదువుకున్నారు. ఇంతమందిమి చూశాం, ఎవరికీ తట్టలేదు. పని పాడుచేశాను మేడమ్."

డాక్టరమ్మ కేకలేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పాడవడమేంటి? ఇలాంటివి బయటపడాలనే కదా ముందు పేషెంట్ల చేత చదివిస్తున్నాం. అన్నిటికీ 'ఇది ఇప్పటికే నాకున్న అలవాటు' అని చేర్చు. ఈయనకి థాంక్స్ చెప్పు."

కూతురు గట్టిగా నిట్టూర్చింది. మేనమామ చేతికందిన చిలకపచ్చ టోపీతోనే మొహం తుడుచుకున్నాడు. అందరూ నవ్వారు. పిన్ని మాత్రం నవ్వలేదు. బాబాయి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితే ఆ మాట కూడా కాగితం కోసం అన్నదేనా?"

బాబాయి ఆలోచించాడు. అలవాటైన మనిషి కనుక పిన్ని ఎదురుచూసింది. మేనమామ ఏదో అనబోతే కూతురు మోచేత్తో పొడిచింది.

"మనసులో మాట అనమని కాగితంలో ఉంది" అన్నాడు బాబాయి చివరికి. "ఏ మాటో కాగితంలో లేదు."

మొహం ఎప్పటిలాగే బిగుసుకుని ఉంది. గొంతు ఎప్పటిలాగే సన్నంగా ఉంది. పిన్ని మాత్రం ఈసారి వినబడలేదనలేదు. సరిగ్గానే ఉన్న ఆయన చొక్కా కాలరును కాసేపు సర్దింది.

వెళ్ళబోయే ముందు ఆమె సైకాలజిస్టు అమ్మాయిని పక్కకు పిలిచింది. "ఆ కాగితం ఖాళీది ఒకటుంటే ఇస్తావా తల్లీ? దిద్దింది కాదు, దిద్దకముందుది."

"తప్పులున్నవి బయటికి ఇవ్వకూడదు పిన్నిగారూ."

"సరేలేమ్మా, నీకెందుకు ఇబ్బంది" అంది పిన్ని.

మందులు తీసుకుని ఆటోలో కూర్చున్నాక ఆమె చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన టిక్కుగళ్ళ కాగితం అంచు బాబాయి కంటపడింది. అది ఎక్కడిదని అడగాలా వద్దా అని ఆయన ఇల్లు చేరేదాకా ఆలోచించాడు.