అత్తగారి క్రోటన్ మొక్క

మర్దికున్‌కి జీవితంలో ఒకటే కోరిక. తన గువ్వ వీధి వీధంతా వినపడేలా కూయాలి. సలాటిగా ఊళ్ళో మగవాళ్ళకి ఇంతకంటే పెద్ద కోరికలేం ఉండవు. ఆ గువ్వ మాత్రం వంటింటి చూరు కింద పంజరంలో, అచ్చం యజమానిలాగే, పొద్దస్తమానం కునుకు తీసేది.

దానికి వెలుతురు చాలడం లేదని ఆయన తేల్చాడు. ఇంట్లో వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే. అక్కడ భార్య వార్సితి క్రోటన్ మొక్క కొలువై ఉంది. ఎరుపు, పసుపు, నారింజ, అన్నీ ఒక్క ఆకు మీదే. ఆమె తల్లి సాదినెమ్ పోయే ముందు తన చేత్తో కుండీలో నాటి ఇచ్చింది. తల్లి గుర్తుగా ఆమెకి మిగిలింది అదొక్కటే.

కూతురి పురుడుకని వార్సితి వోనోసోబో బయల్దేరింది.

“మొక్కని కిటికీ దగ్గర్నుంచి కదపొద్దు. మట్టి ఆరితేనే నీళ్ళు. ఆకులు తడిగుడ్డతో తుడవండి. విన్నారా?”

“విన్నాను.”

“ఏం విన్నారు?”

“ఎప్పుడొస్తావు?”

“అదీ సంగతి,” అని ఆమె బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగేలోపే క్రోటన్ చీకటి మూలకి పోయింది, గువ్వ కిటికీకి వచ్చింది. వచ్చి, ఎండ తగిలేసరికి ఇంకా హాయిగా నిద్రపోయింది. మూలనున్న మొక్క రోజుకి నాలుగేసి ఆకులు రాల్చింది. మర్దికున్‌ది జాలిగుండె. జాలేసినప్పుడల్లా చెంబెడు నీళ్ళు పోశాడు. పదిహేను రోజులకి కుండీలో బురద, బురదలో ఓ పుల్ల మిగిలాయి.

మర్నాడు భార్య వస్తుందనగా ఆయనకి చెమటలు పట్టాయి. ఆ ఊళ్ళో క్రోటన్లకి కరువు లేదు. సమాధి కడితే తల దగ్గర క్రోటన్ నాటడం అక్కడి ఆనవాయితీ. తెల్లవారుతూనే శ్మశానానికి వెళ్ళాడు. అత్తగారిది ఎడమవైపని గుర్తు, అందుకని కుడివైపే నడిచాడు. నడిచాననుకున్నాడు. మంచులో సమాధులు తేలుతున్నట్టు, తనూ వాటితోపాటు తేలుతున్నట్టు అనిపించింది. ఒక్క పొద మాత్రం ఆ తెలుపులో ఎర్రగా, పచ్చగా మెరుస్తోంది. అచ్చం చచ్చిపోయిన మొక్క రంగే. గబుక్కున కొమ్మ విరిచి, తెచ్చి కుండీలో గుచ్చి, కిటికీలో పంజరం పక్కన పెట్టాడు.

వార్సితి వచ్చి మొక్కని చాలాసేపు చూసింది.

“పొట్టిదైనట్టుందే?”

“నువ్వు లేవని దిగులు పెట్టుకుంది.”

ఆమె ఓ ఆకుని వేలితో తడిమి లోపలికి వెళ్ళింది. మర్నాడు టీ తాగుతూ నెమ్మదిగా అంది.

“అమ్మ కలలోకి వచ్చిందండీ. ఎండ నేరుగా మొహం మీద పడుతోందట. నా గొడుగు ఎవడో విరిచేశాడే అంది.”

మర్దికున్‌కి టీ ముక్కులోకి పోయింది. మంచులో తను ఎటు తిరిగాడో అప్పుడర్థమైంది.

“ఎవడో అందా, పేరేమైనా చెప్పిందా?”

“చెప్పబోతుంటే మెలకువొచ్చింది.”

ఇక అత్తగారు రోజూ రావడం మొదలుపెట్టింది. సిగరెట్టు పొగ మొక్కకి పడదట. మర్దికున్ వానలో నిలబడి కాల్చుకున్నాడు. గువ్వ గురక వినలేకపోతోందట. పంజరం మళ్ళీ చూరు కిందకి పోయింది. సమాధి దగ్గర గురువారం గురువారం చీపురు పట్టాలట. పట్టాడు. బతికుండగా కూడా ఆవిడ ఇన్ని పనులు చెప్పలేదు.

నెల తిరిగేసరికి ఆయన కూర్చున్నా, నించున్నా కలలో ఉన్నట్టే ఉన్నాడు. ఇక తట్టుకోలేక, ఎవరి కొమ్మ వాళ్ళకి ఇచ్చేద్దామని ఓ పొద్దున దాన్ని కుండీలోంచి లాగాడు. అడుగున తెల్లటి వేళ్ళు. పాపం, అది బతకడానికి సిద్ధమైంది. అయినా పట్టుకుని వెళ్ళాడు.

శ్మశానంలో కాపలాదారు క్రోమో ఆకులూడుస్తున్నాడు. “ఈసారేం విరుద్దామని, బాబుగారూ?”

“నువ్వు చూశావా?”

“నేను చూశాను, అమ్మగారికీ చెప్పాను. మనవడు పుట్టాడని తల్లికి చెప్పుకోవడానికి బస్సు దిగి సరాసరి ఇక్కడికే వచ్చింది కదా. పూలు చల్లుతూ విరిగిన కొమ్మ చూసి ఎవరని అడిగింది.”

మర్దికున్ కొమ్మతో సహా ఇంటికి తిరిగొచ్చాడు.

“అయితే ఆ కలలు?”

“ఒక్కటీ రాలేదు,” అంది వార్సితి. “ఆరేళ్ళుగా అమ్మ కలలోకి వస్తుందేమోనని చూస్తున్నాను. రాదు. మొక్క చంపేశానని మీరు ఒక్క మాట చెప్తారేమోనని నెల్లాళ్ళు చూశాను. మీరూ చెప్పలేదు.”

“భయమేసింది.”

“నేనంటేనా, అమ్మంటేనా?”

“ఇద్దరిదీ ఒకటే గొంతు కదా.”

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. “ఈ కుండీలోంచే కొమ్మ తీసి అమ్మ తల దగ్గర నేనే నాటాను. అందుకని బతికిపోయారు,” అంటూ కొమ్మని మళ్ళీ కుండీలో పెట్టింది.

కలలన్నీ బూటకమని తేలాక మర్దికున్‌కి ప్రాణం లేచొచ్చింది. పంజరం కిటికీకి తెచ్చాడు, మొక్కని కాస్త పక్కకి జరిపాడు, సిగరెట్టు వెలిగించి పడక్కుర్చీలో వాలాడు. వాన సన్నగా పడుతోంది. కన్ను మూతపడింది.

కాసేపటికి వంటింట్లోంచి వచ్చిన వార్సితి గుమ్మంలో ఆగిపోయింది. పంజరం లేదు, సిగరెట్టు లేదు. ఆయన నేలమీద కూర్చుని ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

“ఏమైంది మీకు?”

“మీ అమ్మ వచ్చింది.”

“నన్ను ఆటపట్టించకండి.”

“ఒట్టు. ఇదిగో, ఇక్కడే కూర్చుని తమలపాకు నములుతూ నా పని చూసింది.”

“ఏమంది?”

“ఆకుల వెనకవైపు కూడా తుడవమంది.”

“అయితే అమ్మే,” అని వార్సితి ఇంకో గుడ్డ తడిపి తెచ్చి, ఆయన పక్కన కూర్చుంది.